కొర్లమ్మ చెయ్యి

నేను ఒక బీపీ మిషన్ని. ఇప్పుడు ఆసుపత్రుల్లో అంకెలు వెలుగుతూ కనిపించే ప్లాస్టిక్ డబ్బాని కాదు, పాత రకం. బూడిదరంగు ఇనప పెట్టె, మూత ఎత్తితే దానికే నిలువుగా బిగించిన గాజు గొట్టం, అడుగున పాదరసం, పక్కన మడిచిపెట్టిన గుడ్డ పట్టీ, ఒక రబ్బరు బుడ్డి. పట్టీని మనిషి జబ్బకి చుట్టి బుడ్డి నొక్కితే నాలో పాదరసం పైకి లేస్తుంది. మెల్లగా గాలి వదులుతూ, మోచేతి మడత దగ్గర స్టెతస్కోపు పెట్టి వింటే, ఆ మనిషి రక్తం ఎంత ఒత్తిడితో పరుగెడుతోందో తెలిసిపోతుంది.

నన్ను చేసింది ఉత్తరాదిన ఒక ఇరుకు కార్ఖానాలో. నాలో పాదరసం పోసిన మనిషి ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఊపిరి బిగబట్టి పోసింది. అక్కడినుంచి రైల్లో విశాఖపట్నం వచ్చాను. పార్వతీశంగారని ఒక డాక్టరు నన్ను కొన్నారు. ఆయన బల్లమీద ఇరవై రెండేళ్లు ఉన్నాను. మనుషుల సంగతి నాకు తెలిసింది ఆ బల్లమీదే. పట్టీ చుట్టగానే ప్రతివాడూ నిటారుగా కూర్చుంటాడు, పరీక్ష గదిలో పిల్లాడిలా నన్నే చూస్తాడు. "ఉప్పు పూర్తిగా మానేశానండీ" అంటాడు. ఆ చేతి వేళ్లకి ఇంకా ఆవకాయ వాసన వేస్తూనే ఉంటుంది. రోజూ నడుస్తున్నానంటాడు, వీధి చివర కిళ్లీకొట్టు దాకా. నేను మాత్రం ఉన్న అంకె చూపిస్తాను. డాక్టరుగారు నిట్టూర్చి మందు పెంచుతారు.

ఆయనకి చూపు మందగించి క్లినిక్ మూసేసిన ఏడాదే, అక్కడ ఎనిమిదేళ్లు పనిచేసిన ఎస్తేరు రాణికి పల్లెల్లో తిరిగే నర్సు ఉద్యోగం వచ్చింది. ఆవిడ సెలవు తీసుకోవడానికి వస్తే డాక్టరుగారు నన్ను ఆవిడ చేతిలో పెట్టారు. "తీసుకుపో అమ్మాయ్. ఏడాదికోసారి పాదరసం సరిచూపించు. కింద పడెయ్యకు" అన్నారు. అంతే. నేను గుడ్డసంచిలోకి మారాను.

శ్రీకాకుళం జిల్లాలో, సముద్రం ఒడ్డున, ఉప్పు మళ్లని ఆనుకుని ఉన్న ఊరు మళ్లపేట. అరవై ఇళ్లు. జనవరి నుంచి వానలు పడేదాకా ఊరంతా మళ్లలోనే ఉంటుంది. కాలువ తూములెత్తి సముద్రపు నీళ్లు మళ్లలోకి వదులుతారు. ఎండకి నీళ్లు ఇగిరి ఉప్పు తేలితే దాన్ని పారలతో గట్టుకి లాగుతారు. తట్టలకెత్తి, నెత్తిన పెట్టుకుని, లారీ దగ్గర రాశి పోస్తారు. లాగడం మగవాళ్ల పని, మోయడం చాలావరకు ఆడవాళ్ల పని. వాళ్ల పాదాలు ఉప్పుకి పగిలి తెల్లగా ఉంటాయి.

అలాంటి ఊరికి ఎస్తేరు వెళ్లి, ఉప్పు తగ్గించమని చెప్పింది. ఊరు ఊరంతా నవ్వింది. "ఉప్పు పండించీ వోలకి ఉప్పు తినొద్దంతంది, ఇదేటి ఇచ్చిత్రం నర్సమ్మా!" అన్నారు. అక్కడి కూడు అలాంటిది మరి. పొద్దున చోడి అంబలి, అంటే రాగి జావ, అందులోకి ఉప్పుమిరపకాయ. మధ్యాహ్నం అన్నం, ఎండుచేప. ఎండలో చెమట కారిపోయే ఒంటికి ఉప్పు కావాలని వాళ్ల తాతలనాటి నమ్మకం. నమ్మకంలో కొంత నిజం లేకపోలేదు. కానీ వాళ్లు తినేది కారిన చెమటకి నాలుగు రెట్లు. ఎస్తేరు మొదటి రెండేళ్లు గర్భిణులకీ, అడిగిన ముసలివాళ్లకీ తప్ప నన్ను ఎవరికీ చుట్టలేకపోయింది.

మూడో ఏడు జనవరిలో దాలయ్య గట్టుమీద కూలబడ్డాడు.

దాలయ్యకి అప్పుడు యాభై నాలుగు. మళ్లపేటలో పార పట్టిన చేతుల్లో బలమైన చెయ్యి అతనిదని చెప్పుకునేవారు. నలుగురు లాగే ఉప్పు ఒక్కడూ లాగేవాడట. గుండెలో నొప్పి వస్తే గ్యాసనుకుని సోడా తాగాడు. సోడా గొంతు దిగేలోపే చెమటలు పట్టి పడిపోయాడు. భార్య కొర్లమ్మ అతన్ని ఉప్పు మోసే తోపుడు బండిమీద పడుకోబెట్టి, తనే రోడ్డుదాకా తోసుకొచ్చింది. పట్నం ఆసుపత్రిలో గుండె రక్తనాళానికి స్టెంటు వేశారు. తొమ్మిదో రోజున ఒక మందుల సంచీ, ఒక కాగితం ఇచ్చి పంపేశారు.

ఆ కాగితం చదివి చెప్పడానికే ఎస్తేరు మొదటిసారి వాళ్లింటికి వెళ్లింది. నేను మంచంమీద దాలయ్య పక్కన మూత తెరుచుకుని కూర్చున్నాను. నూట అరవై ఎనిమిది, కింద నూట నాలుగు.

"బరువులు ఎత్తకూడదు. బీడీ ముట్టకూడదు. ఉప్పు రోజు మొత్తానికీ ఒక చిన్న చెంచా, అదీ కుప్పగా కాదు, సమంగా. ఎండుచేప, పచ్చడి, అప్పడం బంద్. నూనె తగ్గించాలి. ఆకుకూరలు, పెసలు, ఉలవలు, పచ్చిచేప పులుసు పెట్టొచ్చు. రోజూ నడవాలి, మెల్లగా. మందులు ఒక్క పూట కూడా మానకూడదు" అని చదివింది ఎస్తేరు.

దాలయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. "ఉప్పునేని కూడు తిని బతికీకంటే సచ్చిపోడమే నయం" అన్నాడు.

కొర్లమ్మ గుమ్మంలో కూర్చుని అడ్డపొగ కాలుస్తోంది. ఆ తీరంలో ఆడవాళ్లు చుట్టని నిప్పున్న కొన నోట్లోకి పెట్టుకుని కాలుస్తారు, దాన్నే అడ్డపొగ అంటారు. ఆవిడ చుట్ట తీసి, బూడిద ఉమ్మి, "సచ్చిపోతావా? తొమ్మిది దినాలు నీ మంచం కాడ కాసుకూకున్నది సావడానికేటి? పెట్టింది తిను" అంది. తర్వాత ఎస్తేరు వైపు తిరిగింది. "మల్లీ సదువమ్మా. ఒకోటీ సదువు. నాకు అచ్చరాలు రావు, నాను ఇని గేపకం ఎట్టుకుంతాను."

ఎస్తేరు మూడుసార్లు చదివింది. మూడోసారికి కొర్లమ్మ కాగితం అక్కర్లేకుండా అప్పజెప్పింది.

వాళ్లకి పిల్లల్లేరు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఇద్దరే. ఆ రోజునుంచి పొయ్యిమీద రెండు గిన్నెలు మొదలయ్యాయి. ఒకటి అతనికి, ఒకటి తనకి. ఉప్పులేని చప్పిడి కూడు మొదటి వారం దాలయ్య సగం తిని గిన్నె తోసేశాడు. కొర్లమ్మ కోప్పడలేదు. తోటకూర పులుసులో చింతపండు పెంచి చూసింది. వెల్లుల్లి, మిరియం దంచి వేసింది. చోడి అంబలిలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ తరిగి, నిమ్మకాయ పిండింది. మునగాకు వేయించి పెసరపప్పులో కలిపింది. పడవలొచ్చే వేళకి ఒడ్డుకి వెళ్లి పచ్చి కవళ్ల చేపలు అడిగి తెచ్చి, కాసిని అల్లం, కొత్తిమీర, చెంచాడు నూనెతో పులుసు పెట్టింది. ఆ పులుసు తిన్న రోజున దాలయ్య గిన్నె తుడుచుకుని తిన్నాడు. గురువారం ఎస్తేరు వెళ్లేసరికి కొర్లమ్మ గుమ్మంలోంచే చెప్పింది, "తినీసినాడమ్మా! అంతా తినీసినాడు!" అని.

నడకకి మాత్రం సిగ్గు అడ్డొచ్చింది.

"పనీ పాటా నేకుండా ఉత్త సేతుల్తో నడిసీడమేటి నర్సమ్మా? ఊరోలు సూసి ఏటనుకుంతారు?" అన్నాడు దాలయ్య. అతను పుట్టి బుద్ధెరిగాక గట్టుమీద బరువు లేకుండా నడిచిన రోజు లేదు. చివరికి మొదటిరోజు ఖాళీ తట్ట ఒకటి చంకన పెట్టుకుని బయల్దేరాడు, పనిమీద వెళ్తున్నాననుకుంటారని. మొదటి తూము దాకా వెళ్లి, అక్కడ రాయిమీద కూర్చుని, తిరిగొచ్చాడు. అడ్డం పడ్డవాడు మళ్లీ లేచాడని మళ్లలో ఆడవాళ్లు తట్టలు దించి చూశారు. నాలుగో రోజుకి తట్ట ఇంట్లోనే వదిలేశాడు.

ఎస్తేరు ఒక గుర్తు చెప్పింది. నడుస్తూ మాట్లాడగలిగితే సరైన నడక, మాట తడబడి ఆయాసం వస్తే వేగం తగ్గించాలి. కొర్లమ్మ ఆ మాట పట్టుకుంది. దాలయ్య గట్టుమీద వెళ్తుంటే, కింద మడిలోంచి కేక వేసేది. "ఏటి తిన్నావు నిన్న?" అనో, "మీ అమ్మ పేరేటి?" అనో. అతను జవాబు చెప్పాలి. మాట ఎగశ్వాసతో వస్తే, "కూకో! ఆ రాయి మీద కూకో!" అని అరిచేది. మిగతా ఆడవాళ్లు పడీపడీ నవ్వేవారు. రెండో తూము, మూడో తూము. మార్చి దాటేసరికి నాలుగో తూము దాకా వెళ్లి, ఎక్కడా కూర్చోకుండా తిరిగి రాగలిగాడు.

గురువారం గురువారం నేను ఆ మంచంమీద మూత తెరుచుకునేదాన్ని. నూట యాభై ఆరు. నూట నలభై ఎనిమిది. నూట ముప్పై ఆరు. ఎస్తేరు ముఖం విప్పారేది. ఏప్రిల్ మొదట్లో నూట ముప్పై, ఎనభై రెండు చూపించాను. ఎస్తేరు చప్పట్లు కొట్టింది. "అన్నా, పట్నం డాక్టరుకి చూపిస్తే నమ్మడు" అంది. మళ్లపేట మొత్తానికి ఎస్తేరు మాటమీద నమ్మకం కుదిరింది ఆ అంకెతోనే.

ఇప్పుడు చెప్పవలసింది చెప్పాలి.

దాలయ్య పార పట్టడం మానేశాక, అతని మడి ఎవరు లాగారు? కొర్లమ్మే. తెల్లవారుజామున పార పట్టి ఉప్పు లాగేది, ఎండెక్కాక తట్ట ఎత్తి మోసేది. మడి వదులుకుంటే వేరేవాళ్లకి ఇచ్చేస్తారు, వచ్చే ఏడు వీళ్లకి మడి ఉండదు. అందుకని ఒక మనిషి ఇద్దరి పనీ చేసింది. దాలయ్య మెల్లగా, ఒళ్లు అలవకుండా నడిచిన ఆ గట్టు కిందే ఆవిడ మోకాటిలోతు ఉప్పునీళ్లలో ఉండేది.

ఇంట్లో దూలానికి వేలాడే కుండలో ఏడాదికి సరిపడా ఎండుచేపలు ఉన్నాయి. దాలయ్య తినకూడదు, పారెయ్యడానికి కొర్లమ్మకి మనసొప్పదు. రెండో గిన్నెలో అవే. అతను చూస్తే నోరూరుతుందని పెరట్లో నిలబడి తినేది. అతను మానేసిన బీడీల బదులు కూడా తనే కాలుస్తున్నట్టు, రోజుకి నాలుగు చుట్టలు ఆరయ్యాయి. ఇదంతా నేను చూసింది గురువారాలు మాత్రమే. చూస్తూ అదే మంచంమీద, ఆవిడ చేతికి మూరెడు దూరంలో ఉన్నాను. దాలయ్యకి పదమూడు సార్లు చుట్టుకున్నాను. ఆవిడకి ఒక్కసారీ లేదు. ఎవరికీ తోచలేదు. ఆవిడ ఎప్పుడూ నిలబడే ఉండేది, నిలబడి ఉన్న మనిషికి నన్ను చుట్టరు.

ఏప్రిల్ మూడో గురువారం ఆవిడ నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని ఉంది. ఎస్తేరు చూసింది.

"ఏంటి వదినా, తలనొప్పా?"

"పది దినాల్నుంచి దిమ్ముగా ఉంతంది. ఎండ మరి. నాకేటమ్మా, నాను గుండ్రాయినాగున్నాను. మావోడికి సూడు."

"ఆయనకి అయింది. నువ్వు కూర్చో. ఒక్క నిమిషం."

బలవంతాన కూర్చోబెట్టింది. ఎడమ జబ్బకి పట్టీ చుట్టింది. చెయ్యి సన్నగా, ఎండకి కాలి, కర్రలా గట్టిగా ఉంది. చర్మంమీద ఉప్పు పొడి గరగరలాడింది. పట్టీకింద నాడి ఎంత ఉధృతంగా కొట్టుకుంటోందో నాకు గుడ్డలోంచే తెలిసింది. ఎస్తేరు బుడ్డి చేతిలోకి తీసుకుంది. ఇంకా నొక్కలేదు.

రోడ్డుమీద లారీ హారను వినిపించింది.

కొర్లమ్మ లేచి నిలబడింది. "లారీ వచ్చీసింది. నాను నేకపోతే మా రాసి ఒగ్గేసి ఎలిపోతారు." తన చేత్తోనే పట్టీ ఊడదీసి మంచంమీద పెట్టింది. "వచ్చే లచ్చివారం సూద్దువులే అమ్మా. నానేటి ఎక్కడికైనా ఎలిపోతానా?"

ఎస్తేరుకి ఇంకా పధ్నాలుగు ఇళ్లు ఉన్నాయి. "సరే వదినా, వచ్చే గురువారం తప్పదు" అంది. నన్ను మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ తర్వాతి గురువారం పిల్లల టీకాల పనిమీద ఎస్తేరుని పక్క ఊరికి పంపారు. ఆ పై గురువారం వచ్చేసరికి కొర్లమ్మ మడిలో ఉంది, పిలిస్తే చెయ్యి ఊపి, "సాయంత్రం" అని సైగ చేసింది. సాయంత్రానికి ఎస్తేరు బస్సు వెళ్లిపోయే వేళయింది.

మే నెల, ఒక మంగళవారం, ఉదయం పది గంటలు. ఎస్తేరు ఊళ్లో ఒక గర్భిణిని చూస్తోంది. మడిలో పనిచేసే నీలమ్మ పరుగున వచ్చింది. "నర్సమ్మా, కొర్లమ్మ పడిపోనాది!"

ఎస్తేరు సంచితో సహా పరిగెత్తింది. ఉప్పు రాశి పక్కన కొర్లమ్మ పక్కకి ఒరిగి పడి ఉంది. మోసుకొచ్చిన తట్ట బోర్లాపడి ఉప్పు చీరమీద ఒలికింది. మూతి ఒక పక్కకి జారింది. కుడి చెయ్యి కదలడం లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను నేలమీద ఉప్పులోనే పెట్టి తెరిచారు. ఎస్తేరు ఎడమ జబ్బకి చుట్టిన పట్టీ రెండుసార్లు జారింది. మూడోసారి చుట్టి నొక్కింది. పాదరసాన్ని రెండు వందలకి తెచ్చినా ఎస్తేరు చెవిలో నాడి చప్పుడు ఆగలేదు. రెండు వందల ఇరవై. రెండు వందల నలభై దాటాక గానీ ఆగలేదు. ఆ చేతికి నేను పని చేసింది అదే మొదలు.

నాలుగో తూము నుంచి తిరిగొస్తున్న దాలయ్య గట్టుమీదనించి ఆ గుంపు చూశాడు. పరుగందుకున్నాడు.

"పరిగెత్తకు అన్నా! పరిగెత్తకు!" అని అరిచింది ఎస్తేరు, తల ఎత్తకుండానే.

అతను ఆగిపోయాడు. భార్య కళ్లముందు పడి ఉంటే అతను ఆ చివరి నూరు గజాలూ నడిచి వచ్చాడు. వచ్చి పక్కన కూలబడి, ఆవిడ ముఖంమీద ఉప్పు తుడిచాడు. కొర్లమ్మ ఏదో అనబోయింది. నోట్లోంచి మాట రాలేదు, గాలి వచ్చింది.

అంబులెన్సులో పట్నం తీసుకెళ్లారు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. మూడో రోజు పొద్దున పోయింది. అది గురువారం.

పెద్దకర్మ అయిన తర్వాత ఎస్తేరు మళ్లీ ఆ ఇంటికి వెళ్లింది. దాలయ్య పెరట్లో నేలమీద కూర్చుని ఉన్నాడు. ముందు కంచంలో అన్నం, పైన కాల్చిన ఎండుచేప. దూలానికి వేలాడే కుండ కిందికి దించి ఉంది. మందుల సంచీ చూరులో దోపి ఉంది, విప్పినట్టు లేదు. పన్నెండు రోజులుగా అతను గట్టు ఎక్కలేదని పక్కింటివాళ్లు చెప్పారు.

"చెయ్యి ఇవ్వు అన్నా" అంది ఎస్తేరు.

"ఒల్లను."

"మందులు మానేస్తే ఏమవుతుందో నీకు తెలుసు కదా."

"తెలుసు." ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. "గట్టుమీద ఎల్తే మాటాడమని అడిగీవోలు ఎవులున్నారు? నాను నడిసింది నా కాలుతో కాదమ్మా. నా బరువు కూడా అదే మోసింది, నానేమో సేతులూపుకుంటూ నడిసినాను. నా నెంబరు తగ్గిందని నువ్వు సప్పట్లు కొట్టినావు. దాని నెంబరెంతో నువ్వూ అడగనేదు, నానూ అడగనేదు."

ఎస్తేరు అతని ఎదురుగా నేలమీద కూర్చుంది. నన్ను ఒళ్లో పెట్టుకుంది. అతనే అడిగాడు.

"ఒక మాట సెప్పు. ఆ లచ్చివారం పట్టీ సుట్టినావు. ఆ లారీ రాకపోతే, నువ్వు సూసుంటే, బతికీదేటి?"

అబద్ధం చెప్పడానికి ఎస్తేరుకి వీలుంది. విధి అనొచ్చు, దేవుడి చిత్తం అనొచ్చు. ఆవిడ ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషి. కానీ ఆవిడ అలా చెప్పలేదు.

"బతికేదేమో అన్నా. అప్పటికే ఎక్కువ ఉండి ఉంటుంది. మాత్ర వేసి, పని ఆపించి ఉంటే, బతికేదనే అనుకుంటున్నా. లారీ పోతే పోనీ అని నేను కూర్చోబెట్టాల్సింది. కూర్చోబెట్టలేదు. తప్పు నాదే."

దాలయ్య కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. తర్వాత అతను తల మోకాళ్లమధ్య పెట్టుకుని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అంత శబ్దం చేస్తూ ఏడవడం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. ఎస్తేరు కూడా ఏడ్చింది. అతన్ని ఓదార్చలేదు, క్షమించమని అడగనూ లేదు.

లేచి ముఖం కడుక్కున్నాడు. కంచం కాకులకి పెట్టాడు. "ఆ మిసను ఇలాగియ్యి" అని నన్ను తీసుకున్నాడు. "పద."

"ఎక్కడికి?"

"మడికి. లారీ వచ్చీ ఏళయింది."

నన్ను చంకన పెట్టుకుని గట్టుమీద నడిచాడు. ఎస్తేరు వెనకే వచ్చింది. మళ్లలో పందొమ్మిదిమంది ఆడవాళ్లు ఉప్పు తట్టలకెత్తుతున్నారు. లారీ అప్పుడే వచ్చి ఆగింది. లోడు ఎత్తించే మేస్త్రి గున్నయ్య కేకలేస్తున్నాడు. దాలయ్య వెళ్లి లారీ వెనక, ఉప్పు పోసే బల్లమీద కూర్చున్నాడు. నన్ను పక్కన పెట్టి మూత తెరిచాడు.

"తట్టలు దించండి. ఒకోలూ వచ్చి ఇక్కడ కూకోండి. నర్సమ్మ సూస్తాది."

"ఏటి దాలయ్యా, పిచ్చెక్కిందేటి?" అన్నాడు గున్నయ్య. "లోడు ఆలిస్యం అయితే నన్ను తిడతారు. సాయంత్రం సూసుకోమను."

"సాయంత్రం అనీసే నా ఆడది సచ్చిపోనాది." దాలయ్య గొంతు పెంచలేదు. "అందరికీ సూడడం అయితే గాని లారీలో గుప్పెడు ఉప్పు పడదు. పడాలంటే నా మీంచి పొయ్యండి."

లారీ డ్రైవరు హారను కొట్టాడు. రెండుసార్లు కొట్టాడు. ఎవరూ కదల్లేదు. ముందు నీలమ్మ తట్ట దించింది. వచ్చి బల్లమీద కూర్చుని చెయ్యి చాపింది. ఆవిడ వెనక ఇంకొకరు. వరసగా వచ్చారు. గున్నయ్య కాసేపు గొణిగి, లారీ నీడలోకి వెళ్లి కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం నాలో పాదరసం పందొమ్మిది సార్లు లేచింది. పదకొండుమందికి ఎక్కువ ఉంది. ముగ్గురికి రెండు వందల చేరువలో ఉంది. వాళ్లలో ఒకామెకి ముప్పై రెండేళ్లు. వాళ్లలో ఎవరూ ఎన్నడూ చూపించుకున్నవాళ్లు కాదు. ఇళ్లల్లో మగవాళ్లకి చప్పిడి పులుసులు ఎలా పెట్టాలో మాత్రం అందరికీ తెలుసు, కొర్లమ్మ దగ్గర అడిగి నేర్చుకున్నారు.

ఎస్తేరు ఎప్పటిలాగే ఉప్పు, చుట్ట, నూనె గురించి చెప్పింది. నడక దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. నెత్తిన తట్టతో పొద్దున్నించి సాయంత్రందాకా నడిచే మనుషులకి రోజూ నడవమని ఎలా చెప్తుంది? "మీకు కావాల్సింది నడక కాదు. మధ్యలో కాసేపు కూర్చోవడం" అంది. ఆ మాటకి ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు.

దాలయ్య రెండో తూము దగ్గర నాలుగు గుంజలు పాతి తాటాకు పందిరి వేశాడు. గున్నయ్య మొదట వద్దన్నాడు, తర్వాత తనే వచ్చి అందులో కూర్చోవడం మొదలుపెట్టాడు. గురువారాలు లారీ గంట ఆలస్యంగా వచ్చేట్టు కుదుర్చుకున్నారు. పందిట్లో నేను, ఎస్తేరు, పక్కన మంచినీళ్ల కుండ, దాలయ్య వండి తెచ్చిన ఉలవల గుగ్గిళ్లు. అతను మళ్లీ మందులు వేసుకుంటున్నాడు. ఒక్క గిన్నె కూడు తనే వండుకుంటున్నాడు, కొర్లమ్మ పెట్టినట్టే చింతపండు ఎక్కువ వేసి. మడి మాత్రం వదులుకున్నాడు. తూముల కాపలా పని ఇచ్చారు.

అంతా బాగయిపోయిందని చెప్పను. ఎక్కువున్న పదకొండుమందిలో ఇద్దరు మాత్రలు మధ్యలో మానేశారు. ముప్పై రెండేళ్లామెని మొగుడు పందిట్లోకి రానివ్వలేదు, రెండేళ్లకి మూత్రపిండాలు చెడి చనిపోయింది. చుట్టలు మానినవాళ్లు నలుగురే. ఉప్పు ధర పడిపోయి కొన్ని మళ్లు రొయ్యల చెరువులయ్యాయి. ఆ రోజు రెండు వందల చేరువలో ఉన్న నీలమ్మ మాత్రం బతికింది, ఆరోగ్యంగా ఉంది. చెప్పుకోడానికి ఆమె ఒక్కతే చాలని ఎస్తేరు ఒకసారి అంది. అని, వెంటనే ముఖం తిప్పుకుంది.

ఆరేళ్ల తర్వాత పాదరసం మిషన్లు వాడకూడదని ఉత్తర్వు వచ్చింది. నాలో ఉన్నది విషమేనట, గొట్టం పగిలితే ప్రమాదమట. నిజమే. అంకెలు వెలిగే డబ్బా ఒకటి ఎస్తేరుకి ఇచ్చారు. నన్ను అప్పగించడానికి ముందు గురువారం, పందిట్లో చివరిసారి తెరిచింది. చివరి చెయ్యి దాలయ్యది. నూట ఇరవై ఎనిమిది, ఎనభై.

"చాలా బాగుంది అన్నా" అంది.

దాలయ్య నా గొట్టంలో పాదరసం దిగిపోవడం చూస్తూ కూర్చున్నాడు. "బాగుందిలే" అన్నాడు. పట్టీ తనే విప్పి, తనే మడిచి పెట్టాడు.

ఇప్పుడు జిల్లా ఆసుపత్రి స్టోరు గదిలో ఇనప అలమారలో ఉన్నాను. నాలాంటివి ఇంకా నలభై దాకా ఉన్నాయి. మూతలకి తాళ్లు కట్టి, అపాయం అని కాగితాలు అంటించారు. ఎప్పుడో ఎవరో వచ్చి పాదరసం తోడేసి, మిగతాది తుక్కులో వేస్తారట. మందుల కోసం స్టోరుకి వచ్చినప్పుడు ఎస్తేరు స్టోరు గుమస్తాతో మాట్లాడుతుంటే విన్నాను. దాలయ్యకి అరవై దాటాయట, ఇంకా రోజూ నాలుగో తూము దాకా వెళ్లి వస్తున్నాడట. మొన్న పట్నం డాక్టరు చూసి, ఈ గుండె ఇంకో ఇరవై ఏళ్లు పనిచేస్తుందన్నాడట.

"సంతోషించి ఉంటాడు పాపం" అన్నాడు గుమస్తా.

"లేదు" అంది ఎస్తేరు. "అన్నేళ్లా అమ్మా, అని అడిగాడు."